పాత బెంజ్ ఈ-క్లాస్: చిన్న సీలు దగ్గరే మొదలయ్యే పెద్ద ఖర్చు

ఒకప్పుడు సంపన్నులకే పరిమితమైన మెర్సిడెస్-బెంజ్ ఈ-క్లాస్ కార్లు పదిహేను, ఇరవై ఏళ్లు గడిచాక సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కొత్త చిన్న కారు కన్నా తక్కువ ధరకే దొరుకుతుంటాయి. అయితే కారు ధర పడిపోయినంతగా విడిభాగాల ధర గానీ, మరమ్మతు కూలీ గానీ తగ్గవు. 2002లో అంతర్జాతీయంగా విడుదలై 2009 వరకు కొనసాగిన డబ్ల్యూ211 తరం ఈ-క్లాస్ ఇందుకు చక్కటి ఉదాహరణ. ఈ కార్లలో యజమానిని కుంగదీసే లోపాలు చాలావరకు ఒక రబ్బరు సీలు, ఒక రాగి వాషరు వంటి చవక భాగాలతోనే మొదలవుతాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా ఉండాలంటే వాటి తొలి సంకేతాలను గుర్తించాలి.

డీజిల్ ఇంజిన్లలో లీకులు

ఈ-220 సీడీఐలోని నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి ఇంజెక్టర్ అడుగున ఒక రాగి వాషరు ఉంటుంది. అది అరిగితే సిలిండర్‌లోని వాయువులు పైకి తన్నుకొస్తాయి. ఇంజిన్ నుంచి ‘ఛఫ్ ఛఫ్’ మనే శబ్దం, క్యాబిన్‌లో పొగ వాసన దీనికి తొలి గుర్తులు. ఆ దశలో వాషర్లు మారిస్తే సరిపోతుంది. అశ్రద్ధ చేస్తే ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి మసి గట్టిపడి, ఇంజెక్టర్ బిగుసుకుపోతుంది. దాన్ని పీకే ప్రయత్నంలో బోల్టు విరిగితే సిలిండర్ హెడ్‌నే విప్పాల్సి రావచ్చు.

ఈ-280 సీడీఐలోని వీ6 ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ రెండు సిలిండర్ వరుసల నడుమ, ఇతర భాగాల కింద అమరి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి దాని సీళ్లు గట్టిపడి, నూనె ఇంజిన్ వెనుక భాగం నుంచి గేర్‌బాక్స్ మీదకు జారుతుంది. పైకి ఇది క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీలు లీకులాగే కనిపిస్తుంది. పొరబడి గేర్‌బాక్స్ దించితే కూలీ వృథా అవుతుంది, లీకు అలాగే ఉంటుంది. సీళ్లు చవకే, వాటిని చేరుకోవడానికి టర్బో, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లు విప్పడానికే ఎక్కువ ఖర్చు. మార్చేటప్పుడు వేడిని మెరుగ్గా తట్టుకునే కొత్త రకం సీళ్లనే వేయించాలి.

గేర్‌బాక్స్, పెట్రోల్ ఇంజిన్

అయిదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోకి విద్యుత్ తీగలు వెళ్లే ప్లగ్‌కు ఓ-రింగులు ఉంటాయి. అవి పాతబడితే నూనె తీగల వెంబడి పాకి ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ వరకు చేరగలదు. గేర్లు కుదుపుతో మారుతుంటే గేర్‌బాక్స్ పాడైందని తేల్చే ముందు ఈ ప్లగ్‌ను, నూనె స్థాయిని చూడాలి.

వీ6 పెట్రోల్ మోడళ్లలో మాత్రం ముప్పు వేరు. ఎం272 ఇంజిన్ తొలి విడతల్లో బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్ల చక్రం ముందుగానే అరిగిపోయేది. దాన్ని మార్చాలంటే ఇంజిన్ దించాల్సిందే. ‘చెక్ ఇంజిన్’ దీపం వెలిగి, స్కానర్ క్యామ్‌షాఫ్ట్ స్థానంలో తేడా చూపితే బేరాన్ని అక్కడే ఆపడం మేలు.

ప్రాణాలతో ముడిపడిన బ్రేకులు

2006 మధ్య వరకు తయారైన కార్లలో ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేక్ వ్యవస్థ ఉండేది. పెడల్ నొక్కగానే కంప్యూటర్ ఆదేశంతో, విద్యుత్ పంపు సిద్ధంచేసిన ఒత్తిడి చక్రాలకు చేరుతుంది. ఈ వ్యవస్థలో లోపాల కారణంగా సంస్థ 2004లో దాదాపు 6.8 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. ఆ తర్వాత సాధారణ హైడ్రాలిక్ బ్రేకులకే మళ్లింది. ఎస్‌బీసీ విఫలమైతే ముందు చక్రాలకే బ్రేకు అందుతుంది; పెడల్‌ను చాలా గట్టిగా, లోతుగా తొక్కాలి. డ్యాష్‌బోర్డుపై ఎర్రటి బ్రేక్ హెచ్చరిక కనిపిస్తే కారు నడపకూడదు. తలుపు తెరిచినా ఈ వ్యవస్థ తనంతట తానే ఒత్తిడి పెంచుకోగలదు. అందుకే డయాగ్నస్టిక్ పరికరంతో దాన్ని నిలిపివేయకుండా ప్యాడ్లు మారిస్తే మెకానిక్ వేళ్లు నలిగిపోయే ప్రమాదం ఉంది.

కొనే ముందు

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు రాత్రంతా నిలిపి ఉంచితే ఒకవైపు కుంగిందేమో చూడాలి. గాలి లీకయ్యే కొద్దీ కంప్రెసర్ ఆగకుండా తిరిగి చివరికి కాలిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వేడెక్కిన ఇంజిన్ కొన్ని లోపాలను దాచేస్తుంది. కారును లిఫ్టుపైకి ఎక్కించి నూనె జాడలు పరిశీలించాలి. అప్పుడే కడిగి మెరిపించిన ఇంజిన్ అయితే కొన్ని కిలోమీటర్లు నడిపాక మళ్లీ చూడాలి. బెంజ్ కార్లకు పనికొచ్చే స్కానర్‌తో అన్ని యూనిట్లనూ తనిఖీ చేయించి, గేర్‌బాక్స్ నూనె ఎప్పుడు మార్చారో సర్వీసు రికార్డులో వెతకాలి. ఆ రికార్డే లేని కారుకు అడిగిన ధర ఎంత తక్కువైనా, పైన చెప్పిన మరమ్మతుల ఖర్చును అందులో కలుపుకొనే లెక్క వేసుకోవాలి.