గుండెపోటు కాదు గానీ, గుండె గుభేల్‌మనిపించే జ్వరం

ఉన్నట్టుండి పక్కటెముకల దగ్గర కత్తితో పొడిచినట్లు నొప్పి. ఊపిరి పీల్చినా, దగ్గినా ప్రాణం పోయినంత పని. కాసేపటికి తగ్గి మళ్లీ వస్తుంది. వెంట జ్వరం. ఇది బోర్న్‌హోమ్ వ్యాధి కావచ్చు. డెన్మార్క్‌లోని ఆ దీవిలో చూసిన రోగుల గురించి సిల్వెస్ట్ అనే వైద్యుడు 1930లలో వివరంగా రాయడంతో ఆ పేరు వచ్చింది.

ఎక్కువగా కాక్సాకీ-బి వైరస్ ఛాతీ, పొట్ట కండరాలకు సోకడం వల్ల వస్తుంది. మలం ద్వారా, దగ్గు తుంపరల ద్వారా అంటుకుంటుంది గనుక ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పడకేస్తారు. సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. విశ్రాంతి, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయమని మమ్మల్ని ఎంత బతిమాలినా లాభం లేదు!

అయితే ఛాతీ నొప్పిని "గ్యాసే" అనో, "వైరస్సే" అనో ఇంట్లో తేల్చేయకండి. ఈసీజీ తీశాకే మేము ఏ మాటైనా చెబుతాం. అరుదుగా ఇదే వైరస్ గుండె కండరానికీ సోకుతుంది. ఆయాసం, గుండె దడ, స్పృహ తప్పడం ఉంటే అర్ధరాత్రయినా తీసుకురండి.

నెల నిండని పసికందులకు ఇది మరీ ప్రమాదం. బిడ్డను చూడ్డానికి వచ్చే బంధువులకు జ్వరముంటే ఎత్తుకోనివ్వకండి, మొహమాటపడకండి. నొప్పి తగ్గాక కూడా కొన్ని వారాలు మలంలో వైరస్ ఉంటుంది. దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతోనే చేతులు కడగండి. శానిటైజర్‌కు ఇది అంతగా లొంగదు.