చెరువు దగ్గర గుండడు, రేవు దగ్గర రాముడు

వెన్నడు, గుండడు, ఎర్రడు, బేతడు, ప్రోలుడు. ఈ పేర్లను పైకి చదివి చూడండి. పట్టాభిషేకం చేసుకున్న చక్రవర్తుల పేర్లలా వినిపించవు. మన ఊళ్లలో ఎర్రయ్య, పోలయ్య అని పిలుచుకునే పెద్దమనుషులు వరసగా వచ్చి అరుగు మీద కూర్చున్నట్టుంటుంది. ఓరుగల్లును ఏలిన కాకతీయుల అసలు తాతముత్తాతలు వీళ్లే. ఆ వరస తెలిపిన రాయి డోర్నకల్‌కు దగ్గర్లోనే, బయ్యారం పెద్దచెరువు దగ్గర దొరికింది.

డోర్నకల్ జంక్షన్లో దిగేవాళ్లు కొత్తగూడెం బండి కోసం చూస్తారు. లేదంటే బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌కు వెళ్తారు. బయ్యారం దారి పట్టేవాళ్లు తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది. కాకతీయుల పుట్టుక గురించి తెలుగు నేల మీద మిగిలిన గొప్ప సాక్ష్యాల్లో ఒకటి ఈ చెరువుదే.

చెరువును తవ్వించింది మైలమ. గణపతిదేవుడి చెల్లెలు, నతవాడి రుద్రుడి భార్య. చెరువుకు ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టి, శాసనంలో తన పుట్టింటి వంశాన్ని చెప్పించింది. దుర్జయుడి కులంలో వెన్నడు పుట్టాడు. కాకతి అనే ఊళ్లో ఉండి ఏలాడు గనుక అతని వాళ్లు కాకతీశులయ్యారు. తర్వాత ఒకరి వెనుక ఒకరుగా ముగ్గురు గుండలు. వాళ్లను ముగ్గురు రాములతో, అంటే పరశురాముడు, దశరథరాముడు, బలరాములతో పోల్చారు. ఆ పైన ఎర్రడు, పిండిగుండడు, గరుడ బేతడు. ఇక్కడ రాముడు పోలిక మాత్రమే. తాత గుండడే.

ఈ వరస మైలమ ఊహ కాదనడానికి మరో సాక్ష్యం ఉంది. వేంగి చాళుక్యరాజు దానార్ణవుడు 956లో వేయించిన మాంగల్లు రాగిశాసనంలో గుండియ, ఎరియ, బేతియ, వాళ్ల వారసుడు కాకర్త్య గుండ్యన కనిపిస్తారు. బయ్యారం రాయి బేతియను వదిలేసింది. మిగతా పేర్లు కలుస్తాయి. రెండున్నర శతాబ్దాల ఎడం ఉన్న రెండు శాసనాలు ఇలా ఒకే ఇంటి పేర్లు చెప్పడం చిన్న సంగతి కాదు. మాంగల్లు శాసనంలో గుండియ, ఎరియ పేర్ల చివర రాష్ట్రకూట అనే మాట ఉంది. అది వంశం పేరా, కొలువు చేసిన ప్రభువుల పేరా అని చరిత్రకారులు వాదించుకున్నారు. కొలువు పేరేనన్న పి.వి. పరబ్రహ్మశాస్త్రి మాట నాకు సబబుగా తోస్తుంది.

ఇప్పుడు మోటుపల్లికి వెళ్దాం. 1244-45లో గణపతిదేవుడు ఆ సముద్రపు రేవులో అభయశాసనం వేయించాడు. ఓడలు తుపానుకు పగిలితే పాత రాజులు సరుకంతా లాక్కునేవారు. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చిన శాసనమది. అందులో అన్నగారి వంశవృక్షం చూస్తే చెల్లెలి పుట్టిల్లేనా ఇది అనిపిస్తుంది. ఇక్ష్వాకుడు, భగీరథుడు, రఘువు, దశరథుడు, రాముడు వచ్చాకే దుర్జయుడు వస్తాడు. చెరువు దగ్గర పోలికగా నిలబడ్డ రాముడు రేవు దగ్గర పూర్వీకుడయ్యాడు.

అన్న అబద్ధమాడాడని నేననను. చెరువు నీళ్లు వాడుకునే రైతులకు గుండడెవరో ఎర్రడెవరో తెలుసు. కడలి దాటి వచ్చే బేహారికి గుండడు తెలియడు. ఆ మాట మీద నమ్మకంతో సరుకు దించాలంటే మాట ఇచ్చినవాడు రఘుకులంవాడు కావాలి. అదే గణపతిదేవుడి సేనాని మల్యాల గుండన బూతుపురు శాసనం తన ప్రభువులు నాలుగో కులంలో పుట్టారని చెబుతుంది. చెప్పినందుకు సేనానికి ముప్పు రాలేదు, విన్నందుకు రాజుకు చిన్నతనం కాలేదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. బేతరాజు కాలంలోనే, భూమికి ఆ చివర ఐర్లండ్‌లో బ్రియాన్ బోరు అనే రాజు లేచాడు. 1014లో క్లోంటార్ఫ్ యుద్ధంలో చనిపోయాడు. అతని డాల్ గాష్ తెగ అంతకుముందు పెద్దగా పేరున్నది కాదు. మన్‌స్టర్ రాజ్యాన్ని తరాలుగా ఏలిన ఓగనాఖ్తలకు వీళ్లు దాయాదులని, రెండు తెగల మూలపురుషులూ అన్నదమ్ములని వంశకర్తలు రాసిపెట్టారు. ఆ శతాబ్దంలోనే కూర్చిన 'లెబోర్ గవాలా' ఐరిష్ జాతిని స్పెయిన్ నుంచి వచ్చిన మీల్ కొడుకులకు, ఈజిప్టు ఫరో కూతురు స్కోటాకు, అక్కడి నుంచి బైబిల్ నోవహుకు కలిపింది. మనవాళ్లు ఇక్ష్వాకుడి తండ్రి మనువు దాకా వెళ్తే వాళ్లు నోవహు దాకా వెళ్లారు. రెండుచోట్లా జలప్రళయం దాటి బతికినవాడి దగ్గరే వంశం మొదలు కావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

రాజ్యం పోయాక కథలు ఇంకా పెరిగాయి. ప్రతాపచరిత్ర, సిద్ధేశ్వరచరిత్ర అనే గ్రంథాలు చంద్రవంశాన్ని ముందుకు తెచ్చాయి. శత్రువులకు భయపడి హనుమకొండ చేరిన నిండుచూలాలు సిరియాలదేవి, ఆమె కొడుకు మాధవవర్మకు పద్మాక్షి దేవి ఇచ్చిన ఖడ్గం అప్పుడు వచ్చినవే. బస్తర్ రాజులు 1703 నాటి దంతెవాడ శాసనంలో ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు తమ మూలపురుషుడని, తమది పాండవుల వంశమని చెప్పుకున్నారు. 2022 జూలైలో ఆ ఇంటి వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వరంగల్‌కు వస్తే జనం తమ రాజు తిరిగొచ్చినట్టే స్వాగతం పలికారు.

సూర్యుడు, చంద్రుడు, పాండవులు అందరూ వచ్చారు. ఈ గుంపులో అసలు తాతలు వెనక్కి పోకుండా పట్టి ఉంచింది మాత్రం ఒక ఆడపడుచు తవ్వించిన చెరువు. గుండల పేర్లు ముగిశాక ఆ శాసనం తిరిగి తన పనిలోకి, నీళ్ల సంగతిలోకి వస్తుంది. బయ్యారం పొలాలకు ఆ నీళ్లు నేటికీ పారుతున్నాయి.