పిడుగుల కాలంలో ఎండిపోయే ఎర్తింగ్

వేసవి ముదిరేసరికి ధర్మసాగర్ చుట్టుపక్కల చెలకల్లో గడ్డపార దిగదు. పైన పలుచటి ఎర్రమట్టి, కింద రాయి. దేవాదుల ఎత్తిపోతల నీళ్లతో అక్కడి రిజర్వాయర్ నిండుగా ఉన్నా ఇంటి పక్కనున్న ఎర్తింగ్ గుంతలో తడి ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, సాయంత్రాలు ఉరుములతో గాలివానలు వస్తాయి. ఎర్తింగ్ బాగా పనిచేయాల్సిన సమయానికే అది బలహీనంగా ఉంటుంది. మన ప్రాంతంలో అసలు చిక్కు ఇదే.

పిడుగులో కరెంటు సుమారు 30,000 ఆంపియర్లు ఉంటుంది. అది ఇంటి మీదే పడనక్కర్లేదు. కొన్ని వందల మీటర్ల అవతల తాటిచెట్టు మీద పడినా, దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం స్తంభాల మీది తీగల్లో వేల వోల్టులు రేపుతుంది. 230 వోల్టులకు తయారైన టీవీ, ఫ్రిజ్, బోరు మోటరు స్టార్టర్ ఆ దెబ్బకు ఆగవు. ఇదంతా మైక్రోసెకన్లలో ముగుస్తుంది. బోర్డులోని ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను ఆగే స్విచ్) పడటానికి మిల్లీసెకన్లు కావాలి, అప్పటికి నష్టం జరిగిపోతుంది. స్టెబిలైజర్‌ను నమ్ముకున్నా అంతే. మిద్దె మీది పిడుగు కడ్డీ గోడల్ని, కప్పును కాపాడుతుంది గానీ తీగల వెంట వచ్చే సర్జ్‌ను, అంటే ఆ క్షణికమైన వోల్టేజీ పోటును, ఆపదు.

దాన్ని ఆపేది సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, అంటే ఎస్‌పీడీ. అందులోని జింక్ ఆక్సైడ్ బిళ్ల మామూలు వోల్టేజీ దగ్గర కరెంటును పోనివ్వదు. హద్దు దాటగానే నానోసెకన్లలో దారి తెరిచి సర్జ్‌ను ఎర్త్ వైపు మళ్లిస్తుంది. మెయిన్ బోర్డులో టైప్-2 రకం పెట్టించాలి. పైన కడ్డీ కూడా ఉంటే టైప్-1 అవసరం. కలిపే తీగలు అర మీటరు దాటకూడదు. చాలా రకాల్లో చిన్న గుర్తు ఉంటుంది, అది పచ్చ నుంచి ఎరుపుకు మారితే ఆ పరికరం పని అయిపోయినట్టే.

మళ్లించిన కరెంటును నేల తీసుకోవాలి కదా! 1,000 ఆంపియర్లు 5 ఓమ్‌ల ఎర్తింగ్‌లోకి వెళ్తే ఇంటి ఎర్త్ 5,000 వోల్టులకు లేస్తుంది. ఎండిన గుంతలో 50 ఓమ్‌లు ఉంటే అది 50,000. డిష్ కేబుల్‌కు వేరే ఎర్త్ ఉంటే ఈ రెంటి మధ్య తేడా అంతా టీవీ మీద పడుతుంది. అందుకే కరెంటు, కేబుల్, ఇనుప పైపులు అన్నింటినీ ఒకే ఎర్త్‌కు కలపాలి. ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా వదిలేసేది ఈ పనే.

గాలివానల్లో పిడుగు కాక మరో ముప్పూ ఉంది. గాలికి న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. దానికి ఎస్‌పీడీ చాలదు, ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ వేరుగా ఉండాలి.

ఎన్ని పెట్టినా, ఉరుము వినబడకముందే ప్లగ్గులు పీకేయడాన్ని మించిన రక్షణ లేదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ ముందుగా హెచ్చరిస్తుంది. ఉరుములు మొదలయ్యాక మాత్రం ప్లగ్గుల జోలికి, మోటరు జోలికి పోవద్దు. ఉగాది దాటగానే ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయడం మొదలుపెట్టండి. ఎర్త్ ఎన్ని ఓమ్‌లు ఉందో మీటరుతో కొలిపించి, 10 దాటితే రెండో గుంత తవ్వించండి.