పులిమేక మొదలు కాలువబాట వరకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలలో అరుగుబండల మీదను రచ్చకట్టల మీదను సుద్దముక్కతోనో బొగ్గుముక్కతోనో తరతరములుగా గీయబడుచు వచ్చిన పులిమేక పటము, దారిన పోవువానికి పిల్లలు కాలక్షేపమునకు గీసికొన్న గీతలుగానే తోచవచ్చును గాని, ఆ గీతలను కొంత నిదానించి పరిశీలించువానికి, ఒక్క చక్రమును ఒక్క మరయు లేకయే, కేవలము బిందువులచేతను గింజలచేతను నియమములచేతను నడచునట్టి యొక యంత్రముగా గోచరించును. దానిని నిర్మించినవాని పేరు మనకు దక్కలేదు. హంపి శిథిలములలో మంటపముల నేలరాళ్లపై ఈ జాతి పటములు చెక్కబడియుండుట నేటికిని చూడవచ్చును. ఆ చెక్కినవారును తమ పేళ్లను చెక్కికొనలేదు. పేరు లేకపోయినను పనితనము మాత్రము పటమునందే నిలిచియున్నది గనుక, క్రొత్త ఆట నొకదానిని కల్పింపగోరువాడు ముందుగా ఈ పాత ఆటను విప్పి చూడవలెను.

దాని కట్టుబాటు ఇట్టిది. శిఖరమున ఒక బిందువు. అచ్చటినుండి నాలుగు గీతలు విచ్చుకొని దిగి ఆధారరేఖను చేరును. వానిని మూడు అడ్డగీతలు ఖండించి ఇరుప్రక్కలకును చొచ్చుకొని పోవును. ఆ అడ్డగీతల కొనలను రెండువైపుల నిలువుగీతలు కలుపును. శిఖరమున 1, అడ్డగీత యొక్కింటికి ఆరేసి చొప్పున 18, ఆధారమున 4, వెరసి 23 బిందువులు. వానిపై నొకరు 3 పులులను, మరియొకరు 15 మేకలను ఆడింతురు. సామాన్యముగా ఒక పులి శిఖరమునను, తక్కిన రెండును మొదటి అడ్డగీతమీది నడిమి బిందువులందును కూర్చుండును. మేకలవాడు తన వంతు వచ్చినపుడెల్ల ఒక్కొక్క మేకను పటముపై దింపును. పదునైదును దిగువరకు ఏ మేకయు కదలరాదు. పులి మాత్రము తొలినుండియు గీతవెంట కదలుచు, ప్రక్కనున్న మేకకు ఆవల అదే గీతపై ఖాళీ యున్నచో దానిమీదుగా దుమికి దానిని తినివేయును. ఎన్ని మేకలను తిన్నచో పులి గెలిచినట్లు అనునది ఊరూరను మారుచుండును. పులులు మూడును కదలుటకు చోటులేక కట్టుబడినచో మేకలది గెలుపు.

చదరంగమునందును, మనవారు దాడి అని పిలుచు మూడు చతురస్రముల ఆటయందును, ఇరుపక్షముల బలములును సమానములు. ఒకరికి తొమ్మిది గింజలు ఇచ్చి మరియొకరికిని తొమ్మిదే ఇచ్చినచో న్యాయము తనంతట తానే కుదిరినట్లు కనబడును. పులిమేకయందు అట్టి సులభమార్గము లేదు. ఒకవైపు సంఖ్యాబలము, వేరొకవైపు దుముకుబలము. ఒకరికి చంపు శక్తి యున్నది గాని సంఖ్య లేదు, మరియొకరికి చంపు శక్తియే లేదు, చుట్టుముట్టు శక్తి మాత్రమే కలదు. ఇట్టి అసమానములను రెండింటిని తక్కెడయందు తూచి సరిచేయుట ఎట్లు? మేకను ముఖ్యముగా రక్షించునవి రెండు విషయములు: దాని వెనుక మరియొక మేక యుండుటయో, లేక దాని వెనుకకు గీతయే లేకుండుటయో. కావున మంచి ఆటగాడు మేకలను మొదట అంచులందు, ఆపైని జంటలుగాను దింపుచు వచ్చును. మేకలు పదునైదును దిగి, ఒక్కటియు చావకుండ నున్నపుడు పటముపై మిగులు ఖాళీ బిందువులు అయిదు మాత్రమే. మేకలు ఎనిమిది మాత్రమే యున్నచో పులులను కట్టుట దుస్సాధ్యము. ఇరువది యున్నచో పటము నిండిపోయి మేకలకే కదలుటకు చోటు కరవగును. ఆ రెండింటి నడుమ ఎచ్చటనో నిలిచి పదునైదు అన్నవాడు, లేదా ఎన్నో తరముల ఓటమి గెలుపులను చూచి ఆ సంఖ్యయొద్ద స్థిరపడిన వారందరును కలిసి, ఈ యంత్రమునకు నిజమైన నిర్మాతలు. గీతలు గీయుట పనిలో తొలిభాగము మాత్రమే. సంఖ్యను సరిదిద్దుటయే అసలు కల్పన యని నా దృఢమైన అభిప్రాయము.

అంత చిన్న పటమున ఎంత విస్తారము దాగియున్నదో లెక్కించి చూతము. 23 బిందువులందు 3 పులులను 1,771 విధముల నిలుపవచ్చును. మిగిలిన 20 బిందువులందు 15 మేకలను 15,504 విధముల నిలుపవచ్చును. రెంటిని గుణించినచో 2,74,57,584 స్థితులు; ఇది మేకలన్నియు బ్రతికియున్న స్థితుల లెక్క మాత్రమే. ఇన్నింటిని ఒక్కొక్కటిగా పరిశీలించుట మనుష్యునికి దుస్సాధ్యము, సంగణకమునకు సాధ్యము. నేపాళదేశమున ఆడు బాఘ్‌చాల్ మన పులిమేకకు దగ్గరి చుట్టము: అందు 25 బిందువులు, 4 పులులు, 20 మేకలు, అన్నియు దిగినపుడు మిగులు ఖాళీ ఒక్కటే. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అను శాస్త్రజ్ఞులు దానిని సంగణకముచేత ఆమూలాగ్రముగా పరీక్షించిరి. వారి పద్ధతి ఆట తుదినుండి మొదటికి నడచుట. ముందుగా గెలుపోటములు తేలిపోయిన స్థితులను గుర్తించి, ఒక్క ఎత్తుతో వానిని చేరగల స్థితులేవో, వానిని చేరగలవి మరల ఏవో, ఇట్లు వెనుకకు వెనుకకు పోవుచు, మేకలన్నియు దిగిన తరువాతి 8 కోట్ల 80 లక్షలకు పైబడిన స్థితులలో ప్రతిదానికిని ఫలితము నిర్ణయించి పట్టికలో నిలిపిరి. ఇరువురును తప్పు చేయకుండ ఆడినచో బాఘ్‌చాల్ ఎవరికిని గెలుపు లేక సరిసమానముగా ముగియునని తేలినది. అంతకుముందే, 1993లో, జ్యూరిచ్ నగరమున నీవర్‌గెల్ట్ శిష్యుడైన రాల్ఫ్ గాసర్ సుమారు వెయ్యి కోట్ల స్థితులను ఇదే రీతిని శోధించి, దాడి ఆటయు సరిసమానమే యని నిరూపించియుండెను. గవ్వలును గింజలును తప్ప వేరు సాధనమెరుగని వారు చేతితో తూచిన తూకము, వెయ్యి కోట్ల లెక్కల తరువాతను ముల్లు కదలక నిలిచినదన్నమాట. దీనిని తలచినపుడెల్ల నాకు కలుగు ఆనందము ఇంతంత కాదు.

పేరు తెలిసిన కల్పన కథ మరియొక దిక్కున నున్నది. 1942వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన, జర్మను సేనల ఆక్రమణలోనున్న డెన్మార్కునందు, పొలిటికెన్ అను దినపత్రికలో పీట్ హైన్ అను కవియు గణితప్రియుడునగు నొకడు పాలిగన్ అను క్రొత్త ఆటను ప్రకటించెను. తేనెపట్టువంటి షట్కోణముల పటము. వరుసకు 11 గదులు, 11 వరుసలు. ఇరువురును వంతులవారీగా ఒక్కొక్క గదిలో కాయ నుంచుదురు. ఉంచిన కాయ కదలదు, చావదు. ఒకడు తన కాయలతో ఎదురెదురు అంచులు రెండింటిని కలుపవలెను; రెండవవాడు మిగిలిన రెండంచులను కలుపవలెను. ఇంతకుమించి నియమము లేదు. 1948లో ప్రిన్స్‌టన్‌నందు విద్యార్థిగానున్న జాన్ నాష్, హైన్ మాటయే ఎరుగక, ఇదే ఆటను తానును కల్పించెను. 1952లో పార్కర్ బ్రదర్స్ అను ఆటవస్తువుల సంస్థవారు దీనిని హెక్స్ అను పేర అంగళ్లకు తెచ్చిరి.

నాష్ చూపిన తర్కము మిక్కిలి సుందరమైనది. పటము నిండినపుడు ఒకని దారి తెగిపోయినదనగా, దానిని తెంచినది రెండవవాని సంపూర్ణమైన దారియే కావలెను. కావున ఈ ఆటయందు సరిసమానమనునది లేదు. ఇక, రెండవవానికే తప్పని గెలుపుపద్ధతి యొకటి కలదనుకొందము. అపుడు మొదటివాడు తన తొలి కాయను ఎచ్చటనో ఒకచోట నుంచి, ఆపైని తానే రెండవవాడైనట్లు ఆ పద్ధతినే అనుసరింపవచ్చును. అదనముగానున్న కాయ ఈ ఆటలో ఎన్నడును కీడు చేయదు. ఇరువురును గెలుచుట అసంభవము గనుక, ఊహయే తప్పు; తప్పని గెలుపు మొదటివానిదే. కాని ఆ గెలుపు ఏ దారిన వచ్చునో ఈ తర్కము ఒక్క ముక్కయు చెప్పదు. 1950 ప్రాంతమున క్లాడ్ షానన్ అను శాస్త్రజ్ఞుడు హెక్స్ ఆడునట్టి విద్యుద్యంత్రము నొకదానిని నిర్మించెను: ఒకని కాయలకు ధనావేశమును, మరియొకని కాయలకు ఋణావేశమును కల్పించి, ఆ విద్యుత్‌క్షేత్రమున ఒకదిక్కున ఎత్తును వేరొకదిక్కున పల్లమునుగా నుండు బిందువును కనుగొని, యంత్రము అచ్చటనే కాయ నుంచుచుండెను. ఎత్తుల జాబితాలను తిరుగవేయకయే ఆడుటకు ఇది యొక విచిత్రమైన ఉపాయము.

ఈ ఆట మన ప్రాంతమునకు పరాయిది కాదనుటకు ఇచ్చటి భూమియే సాక్ష్యము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడెను. లాల్ బహదూర్ పేరిటి ఎడమకాలువ మిర్యాలగూడ వరిపొలములను తడుపుచు పాలేరు జలాశయమువరకు పోవును. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ సంఖ్య జాతీయరహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగును. సాగరము ఆ రహదారికి దక్షిణమున, పాలేరు ఉత్తరమున నున్నవి. కావున పటము చూడకయే చెప్పవచ్చును: కాలువ ఎచ్చటనో రహదారిని దాటక తప్పదు. ఇంజనీర్లు వంతెన కట్టి ఇరువురిని గెలిపించిరి. వంతెన లేదన్నచో హెక్స్ పుట్టును.

దీనినుండి మన అరుగుబండలపై ఆడదగిన క్రొత్త ఆట నొకదానిని కల్పించి చూతము; కాలువబాట యని దానికి పేరు పెట్టుదము. షట్కోణములు గీయుట సుద్దముక్కకు కష్టము. తొమ్మిది నిలువుగీతలు, తొమ్మిది అడ్డగీతలు గీసి, పులిమేకలోవలె గీతలు కలియు 81 బిందువులందే గింజల నుంచుదము. ఉత్తరపుటంచునుండి దక్షిణపుటంచునకు కాలువ త్రవ్వువాడొకడు, తూర్పునుండి పడమటికి బాట వేయువాడొకడు. నిలువడ్డముల గీతలే దారులైనచో ఇరువురును ఒకరినొకరు మూలలయొద్ద అడ్డుకొని ఇద్దరును ఆగిపోవచ్చును. ప్రతి చిన్న చదరమునందును రెండేసి ఐమూలగీతలు గీసినచో ఇద్దరును ఒకరినొకరు కత్తెరవలె దాటిపోవచ్చును. ప్రతి చదరమునందును ఒకే దిక్కుగా ఒక్క ఐమూలగీతను మాత్రమే గీసినచో, లోపలి ప్రతి బిందువునకును సరిగా ఆరుగురు పొరుగువారు ఏర్పడుదురు. హైన్ తేనెపట్టు మన చదరపు గీతలలోనే సిద్ధించును.

ఇక మొదటివాని మొగ్గు తగ్గించుట ఎట్లు? మొదటివాని దారిని ఒక గీత పొడవు చేసినచో చాలునని ఎవరికైనను తోచును. అట్లు చేసినచో ఆట చచ్చును. తొమ్మిదింటికి పదిగా పటము ఏర్పడినపుడు, పొట్టిదారి గలవాడు రెండవవాడైనను, బిందువులన్నింటిని జంటలుగా విభజించుకొని, ఎదిరి ఒకదానిని పట్టినపుడెల్ల దాని జంటను తాను పట్టుచు, ఆలోచన లేకయే గెలువగలడని గణితజ్ఞులు చూపియున్నారు. అన్నదమ్ములలో ఒకడు పొలము పంచగా రెండవవాడు వాటా నెంచుకొనునట్లు, ఒకడు తొలిగింజ నుంచిన తరువాత రెండవవాడు పక్షము నెంచుకొనవలెనను నియమము హెక్స్ ఆటగాండ్రు వాడునది. అది చక్కని నియమమే. కాని పులిమేకను కన్న నేలలో అసమానతతోనే తూకము వేయుట ఉచితమని నాకు తోచుచున్నది. కాలువవాడు ముందు ఆడును. అందుకు బదులుగా బాటవానికి ఒక్క వంతెన కలదు: ఆటమొత్తములో ఒక్కమారు, కాలువగింజ యున్న బిందువుమీదనే అతడు తన గింజ నుంచవచ్చును, అప్పటినుండి ఆ బిందువు ఇరువురిదియు నగును. ముందుగా దారి పూర్తిచేసినవాడు గెలుచును. ఇందును సరిసమానము అసంభవమే. ఇరుపక్షములును వేరువేరగుటచే ఒకని పద్ధతిని వేరొకడు ఎరువు తెచ్చుకొన జాలడు గనుక, నాష్ తర్కము మాత్రము ఇచట చెల్లదు.

సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఇద్దరు పిల్లలు చింతగింజలును గులకరాళ్లును తీసికొని దీనిని ఆడదలచినచో, ప్రతి ఆటకును పక్షములు మార్చుకొనుచు, గెలుపు కాలువదో బాటదో గోడపై గీతలు పెట్టుకొనవలెను. బాట గెలుపులు మితిమీరుచున్నచో, అంచునుండి రెండుగీతల లోపల వంతెన కట్టరాదని నియమింపవలెను. అప్పటికిని లొంగకున్నచో, వంతెన కట్టినవాడు తన తరువాతి వంతును విడువవలెను. కాలువయే మితిమీరినచో వంతెనలు రెండు చేసి, మరల గీతలు పెట్టుటకు మొదలిడవలెను.