గజ మద విశ్వవిద్యాలయం: పరిశోధనల విస్తృతి, రుజువుల వైవిధ్యం

పరిచయం

ఒక విశ్వవిద్యాలయంలో జరిగే పరిశోధనల గురించి చెప్పేటప్పుడు ఎన్ని శాఖలున్నాయి, ఎన్ని పత్రాలు వెలువడ్డాయి అని లెక్కించడం పరిపాటి. ఆ లెక్కలు అవసరమే. కాని ఆ విశ్వవిద్యాలయం ప్రకటించిన ఒక ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం దొరకదు. ఈ వ్యాసంలో ఇండోనేషియాలోని గజ మద విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసుకొని, అక్కడివారు చేసిన ఐదు పనులను పరిశీలిద్దాం. ఐదింటి విషయాలు వేరు, వాటిని నిరూపించే పద్ధతులు కూడా వేరు. ఈ రెండో తేడాను మీరు గుర్తించగలగాలి.

ముందుగా సంస్థ గురించి కొంత తెలుసుకుందాం. ఈ విశ్వవిద్యాలయం జావా ద్వీపంలోని యోగ్యకర్త నగరంలో ఉంది. 1949 డిసెంబరు 19న ఏర్పడింది. డచ్చివారు ఇండోనేషియాపై సార్వభౌమాధికారాన్ని లాంఛనంగా అప్పగించినది ఆ తరువాత 8 రోజులకు. అంటే కొత్త దేశం పూర్తిగా నిలదొక్కుకోకముందే ఈ విద్యాసంస్థ పుట్టిందన్నమాట. 14వ శతాబ్దపు మజపాహిత్ రాజ్యంలో మహామంత్రిగా పనిచేసిన గజ మద పేరును దీనికి పెట్టారు. ఆ పేరులోని 'గజ' మనకు తెలిసిన సంస్కృత పదమే. ప్రస్తుతం ఇందులో 18 ఫ్యాకల్టీలున్నాయి. నగరానికి ఉత్తరాన మెరాపి అగ్నిపర్వతం, చుట్టూ వరి పొలాలు, దక్షిణాన సున్నపురాతి గుట్టలు, ఏటా భారీ వర్షాలు, దోమలు. పరిశోధకుల ప్రశ్నలు చాలావరకు ఈ పరిసరాల నుంచే వచ్చాయి.

1. బంజరు గుట్టపై అడవి

యోగ్యకర్తకు ఆగ్నేయంగా గునుంగ్ కిదుల్ అనే సున్నపురాతి ప్రాంతం ఉంది. ఒకప్పుడు అక్కడ చెట్టన్నది లేని గుట్టలు చాలా ఉండేవి. 1964లో అటవీశాస్త్ర ఆచార్యురాలు ఊమి హనిఇన్ సుసెనో సుమారు 10 హెక్టార్లలో మొక్కలు పెంచే ప్రయత్నం ప్రారంభించారు. 'వనగామా' అని పిలిచే ఆ విద్యా అరణ్యం నేడు దాదాపు 600 హెక్టార్లకు విస్తరించింది. అటవీశాస్త్ర విద్యార్థులకు అదే ప్రయోగశాల.

ఇక్కడ రుజువు ఏమిటి? కాలం. పలుచని మట్టి, నీరు నిలవని రాయి ఉన్న చోట ఏ జాతి మొక్క బతుకుతుందో తెలియాలంటే దశాబ్దాలు పట్టవచ్చు. ఇలాంటి పరిశోధనను మూడేళ్ల ప్రాజెక్టుగా ఊహించలేం. ప్రారంభించినవారి తరువాతి తరాలవారు కూడా కొనసాగించవలసి ఉంటుంది.

2. కొండచరియల ముందస్తు హెచ్చరిక

2014 డిసెంబరులో మధ్య జావాలోని బంజర్‌నెగారా జిల్లాలో కొండచరియ విరిగిపడి జెంబ్లుంగ్ అనే పల్లె మట్టి కింద కూరుకుపోయింది. 90 మందికి పైగా మరణించారు. ఇటువంటి ప్రమాదాలపై గజ మద విశ్వవిద్యాలయంలోని ఇంజనీర్లు, భూవిజ్ఞానులు చాలాకాలంగా పనిచేస్తున్నారు. నేలలో ఏర్పడిన పగులు ఎంత వెడల్పు అవుతున్నదో కొలిచే ఎక్స్‌టెన్సోమీటరును, వర్షమాపకాన్ని, సైరన్‌ను అనుసంధానించి హెచ్చరిక వ్యవస్థలను రూపొందించారు.

అయితే సైరన్ మోగినప్పుడు ఎటు పరుగెత్తాలో తెలియని పల్లెకు ఆ పరికరం వల్ల ప్రయోజనం లేదు. అందుకే ప్రమాద అంచనా, అవగాహన కల్పించడం, గ్రామ స్పందన బృందం, తరలింపు మార్గాల పటం, ఎవరేం చేయాలో తెలిపే నియమావళి, పర్యవేక్షణతో పాటు తరలింపు అభ్యాసాలు, స్థానిక ప్రభుత్వపు నిబద్ధత అనే అంశాలన్నింటినీ వారు ఒకే వ్యవస్థలో చేర్చారు. ఈ కృషి ఆధారంగా 2018లో ఐఎస్ఓ 22327 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. ఇక్కడ పరికరం ఖచ్చితత్వం రుజువులో సగమే. తరలింపు అభ్యాసంలో గ్రామస్థులు సకాలంలో సురక్షిత స్థలానికి చేరగలరా అన్నది మిగతా సగం.

3. నవజాత శిశువులకు టీకా

రోటా వైరస్ పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు కారణమవుతుంది. పుట్టిన మొదటి రోజుల్లోనే ఇవ్వగలిగిన ఆర్‌వీ3-బీబీ అనే టీకాను మెల్‌బోర్న్‌లోని మర్డోక్ పరిశోధన సంస్థ, ఇండోనేషియా టీకాల సంస్థ బయో ఫార్మాలతో కలిసి గజ మద వైద్య పరిశోధకులు మధ్య జావాలోను, యోగ్యకర్తలోను పరీక్షించారు. కొందరు శిశువులకు టీకాను, కొందరికి టీకాలాగే కనిపించే మందులేని ద్రవాన్ని ఇచ్చి పోల్చారు. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నవజాత దశలో టీకా మొదలుపెట్టిన పిల్లల్లో ఈ వైరస్ వల్ల వచ్చే తీవ్ర వ్యాధి 12 నెలల వయసు వరకు 94 శాతం, 18 నెలల వరకు 75 శాతం తగ్గింది.

రెండు సంఖ్యలనూ గమనించండి. మొదటిది మాత్రమే చెప్పి ఊరుకుంటే టీకా శక్తిని ఎక్కువగా ఊహించుకునే వీలుంది. వయసుతో పాటు రక్షణ ఎలా మారిందో రెండోది చెబుతుంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసే రోటావాక్ టీకాకు కూడా నవజాత శిశువుల్లో కనిపించిన వైరస్ రకమే ఆధారం.

4. దోమల ద్వారానే డెంగీ నివారణ

ఈ విశ్వవిద్యాలయానికి ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చినది డెంగీ ప్రయోగం. వోల్‌బాకియా అనే బాక్టీరియా ఎన్నో కీటకాలలో సహజంగా ఉంటుంది, కాని డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమలో ఉండదు. దాన్ని ఈ దోమలో ప్రవేశపెడితే డెంగీ వైరస్ దోమ శరీరంలో సరిగా వృద్ధి చెందదు. తల్లి దోమ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు అది సంక్రమిస్తుంది. బాక్టీరియా ఉన్న మగదోమ, లేని ఆడదోమ జతకడితే ఆ గుడ్లు పొదగవు. అందువల్ల వోల్‌బాకియా ఉన్న దోమలే క్రమంగా పెరుగుతాయి.

ఆస్ట్రేలియా మోనాష్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి, ఆచార్య ఆది ఉతారిని నాయకత్వాన యోగ్యకర్తలో దీన్ని పరీక్షించారు. నగరంలోని 26 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 24 భాగాలు చేసి, చీటీలు తీసినట్లుగా 12 భాగాలను ఎంపిక చేసి 2017లో ఆ దోమలను ప్రవేశపెట్టారు. మిగిలిన 12 భాగాలను పోల్చడానికి ఉంచారు. భాగాలను పరిశోధకులు ఎంచుకొని ఉంటే, తక్కువ డెంగీ ఉన్న వీధులనే ఎంచుకున్నారన్న అనుమానానికి తావుండేది. చీటీ ఆ అనుమానాన్ని తొలగిస్తుంది.

2018 జనవరి నుంచి 2020 మార్చి వరకు, జ్వరంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 3 నుంచి 45 ఏళ్లవారికి పరీక్షలు చేశారు. విశ్లేషణలో చేర్చినవారిలో, వోల్‌బాకియా ప్రాంతాలకు చెందిన 2,905 మందిలో 67 మందికి, మిగిలిన ప్రాంతాలకు చెందిన 3,401 మందిలో 318 మందికి డెంగీ ఉన్నట్లు తేలింది. వోల్‌బాకియా ఇతర జ్వరాలను తగ్గించదు కాబట్టి, ఆ జ్వరాలతో వచ్చినవారే ఇక్కడ కొలబద్ద. మొదటి ప్రాంతాల్లో ఇతర జ్వరాలవారు 2,838 మంది, రెండో ప్రాంతాల్లో 3,083 మంది. 67ను 2,838తో, 318ను 3,083తో భాగించి చూడండి. మొదటి విలువ రెండోదానిలో సుమారు 23 శాతం. అంటే తగ్గుదల సుమారు 77 శాతం. 2021లో ప్రచురితమైన ఫలితం ఇదే. ఆసుపత్రిలో చేరవలసిన డెంగీ కేసులు 86 శాతం తగ్గాయి. ప్రయోగం ముగిసిన తరువాత మిగిలిన ప్రాంతాలకూ ఆ దోమలను విస్తరించారు. మనదేశంలో పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా వోల్‌బాకియా ఉన్న ఏడిస్ దోమలను అభివృద్ధి చేసింది.

5. ఊపిరితో కోవిడ్ పరీక్ష

చివరి ఉదాహరణ జీనోస్. సంచిలోకి ఊదిన గాలిలోని రసాయనాలను సెన్సార్లతో గుర్తించి, కృత్రిమ మేధ సాయంతో నిమిషాల్లో కోవిడ్ ఫలితం చెప్పే పరికరం ఇది. గజ మద భౌతికశాస్త్రజ్ఞులు, వైద్యులు కలిసి రూపొందించారు. 2020 డిసెంబరులో ఇండోనేషియా ఆరోగ్య శాఖ అనుమతి లభించింది. 2021 ఫిబ్రవరి నుంచి రైల్వే స్టేషన్లలోను, తరువాత విమానాశ్రయాల్లోను ప్రయాణికులకు ఉపయోగించారు. చవక, వేగం దీని గుణాలు. కాని ఫలితాలు నిపుణుల సమీక్షతో పత్రికల్లో ప్రచురితం కాకముందే, స్వతంత్ర పరిశీలన జరగకముందే దీన్ని ప్రజల్లోకి తెచ్చారని పలువురు శాస్త్రజ్ఞులు విమర్శించారు. 2021 మధ్యలో, డెల్టా రకం విజృంభించిన సమయంలో ప్రయాణాలకు దీని వాడకం నిలిచిపోయింది.

ఊపిరిని పరీక్షించాలన్న ఆలోచన అశాస్త్రీయమైనది కాదు. లోపమంతా క్రమంలో ఉంది. సోకినవారికి పొరపాటున 'లేదు' అని ఫలితం వస్తే, ఆ వ్యక్తి ధైర్యంగా రైలెక్కుతాడు. ఆ పెట్టెలో ఉన్నవారందరూ దాని మూల్యం చెల్లించవలసి రావచ్చు.

సారాంశం

అడవికి కాలం, హెచ్చరిక వ్యవస్థకు గ్రామస్థుల అభ్యాసం, టీకాకు మందులేని ద్రవంతో పోలిక, దోమలకు చీటీ పద్ధతి, రోగనిర్ధారణ పరికరానికి స్వతంత్ర పరిశీలన: ప్రతి ప్రశ్నకూ దానికి తగిన రుజువు ఉంటుంది. డెంగీ ప్రయోగం, జీనోస్ రెండూ ఒకే విశ్వవిద్యాలయం నుంచి వచ్చాయి. కాబట్టి సంస్థ పేరు చూసి ఫలితాన్ని నమ్మడం గాని, ఒక వైఫల్యం చూసి సంస్థనంతా తోసిపుచ్చడం గాని సరికాదు. పత్రికలో 'శాస్త్రజ్ఞుల ఘనత' అన్న వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. దేనితో పోల్చారు? ఎవరు సరిచూశారు? ఎంతకాలం గమనించారు? డిగ్రీ చదివినవారి నుంచి సమాజం ఆశించే కనీస వివేకం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. డెంగీ ప్రయోగంలో ప్రాంతాలను చీటీ పద్ధతిలో ఎందుకు ఎంపిక చేశారు?
2. ఇతర జ్వరాలతో వచ్చినవారి సంఖ్య ఆ లెక్కలో ఎందుకు అవసరమైంది?
3. మీ ప్రాంతంలో ఇటీవల ప్రచారంలోకి వచ్చిన ఒక ఆరోగ్య సాధనాన్ని లేదా వ్యవసాయ పద్ధతిని తీసుకొని, పై మూడు ప్రశ్నల ఆధారంగా 10 వాక్యాల్లో సమీక్షించండి.