హైబ్రిడ్ ఏడీసీలలో కంపేరేటర్ల క్రమాంకనం

అనలాగ్ సంకేతాన్ని డిజిటల్ అంకెలుగా మార్చే వలయాన్ని అనలాగ్-టు-డిజిటల్ కన్వర్టరు, క్లుప్తంగా ఏడీసీ అంటారు. రెండు వోల్టేజిలలో ఏది ఎక్కువో నిర్ణయించి 1 లేదా 0 అని తెలిపే భాగం కంపేరేటరు. తయారీలో సహజంగా ఏర్పడే దోషాన్ని ఈ కంపేరేటర్లలో కనుగొని సరిదిద్దే ప్రక్రియను కంపేరేటర్ల క్రమాంకనం అంటారు. హైబ్రిడ్ ఏడీసీలో అన్ని కంపేరేటర్లకూ క్రమాంకనం ఒకే స్థాయిలో అవసరం ఉండదు. ఏ కంపేరేటరు ఏ పని చేస్తున్నదనే దానిపై ఆ అవసరం ఆధారపడి ఉంటుంది.

హైబ్రిడ్ ఏడీసీ నిర్మాణం

ఫ్లాష్ పద్ధతిలో ఇన్‌పుట్ వోల్టేజిని అన్ని మెట్లతోనూ ఒకేసారి పోలుస్తారు. ఇందుకు 3 బిట్లకు 7 కంపేరేటర్లు చాలు. కాని 10 బిట్లకు 1,023 కావాలి. వేగం ఎక్కువే అయినా చిప్పుపై స్థలమూ, విద్యుత్తూ అధికంగా ఖర్చవుతాయి. ఎస్‌ఏఆర్ పద్ధతిలో, పెద్ద తూనికరాయి మొదలుకొని చిన్నదాని వరకు ఒక్కొక్కటీ వేసి తూచినట్లుగా, ఒకే కంపేరేటరుతో బిట్టు తరువాత బిట్టును నిర్ణయిస్తారు. ఇది పొదుపైనది, కాని నెమ్మది. ఈ రెండింటినీ కలిపి మొదటి కొన్ని బిట్లను ఫ్లాష్ భాగంతోను, మిగిలిన బిట్లను ఎస్‌ఏఆర్ భాగంతోను రాబట్టే వలయం హైబ్రిడ్ ఏడీసీలలో ఒక ముఖ్యమైన రకం.

ఆఫ్‌సెట్ దోషం

ఆదర్శ కంపేరేటరు రెండు ఇన్‌పుట్‌లు సమానమైన చోటనే తన నిర్ణయాన్ని మార్చుకోవాలి. దాని ఇన్‌పుట్ వద్ద ఉండే జంట ట్రాన్సిస్టర్లను ఒకేలా రూపొందించినా, తయారైన తరువాత వాటి త్రెషోల్డ్ వోల్టేజిలలో స్వల్ప తేడా మిగులుతుంది. అందువలన నిర్ణయం కొన్ని మిల్లీవోల్టులు అటో ఇటో జరుగుతుంది. దీనినే ఆఫ్‌సెట్ అంటారు.

మార్సెల్ పెల్‌గ్రోమ్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ తేడాల ప్రామాణిక విచలనం ట్రాన్సిస్టరు గేటు వైశాల్యపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. అనగా దోషాన్ని సగానికి తగ్గించాలంటే వైశాల్యాన్ని 4 రెట్లు పెంచాలి. అప్పుడు కెపాసిటెన్సు పెరిగి విద్యుత్ వినియోగం కూడా పెరుగుతుంది. అందుచేత చిన్న ట్రాన్సిస్టర్లనే వాడి, మిగిలిన దోషాన్ని క్రమాంకనం ద్వారా తొలగించడం లాభదాయకం.

ఎక్కడ అవసరం

1 వోల్టు పరిధి గల 10 బిట్ల ఏడీసీలో ఒక మెట్టు సుమారు 0.98 మిల్లీవోల్టులు. ఇందులో 3 బిట్లు ఫ్లాష్ భాగానివి అనుకుంటే, ఆ భాగం పరిధిని 125 మిల్లీవోల్టుల చొప్పున 8 గదులుగా విభజిస్తుంది. ఒక ఫ్లాష్ కంపేరేటరుకు 10 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉంటే, గది సరిహద్దు దగ్గర ఉన్న ఇన్‌పుట్ పొరపాటున పక్క గదిలో పడుతుంది. ఎస్‌ఏఆర్ భాగం ఆ ఒక్క గదినే వెదకగలిగితే తుది ఫలితంలో దాదాపు 10 మెట్ల వరకు తప్పు రావచ్చు.

ఎస్‌ఏఆర్ భాగానికి 7 బదులు 8 బిట్లు ఇచ్చి, గదికి ఇరువైపులా 62.5 మిల్లీవోల్టుల అదనపు పరిధి కల్పిస్తే ఈ తప్పు దానంతట అదే సర్దుకుంటుంది. దీనిని రిడండెన్సీ అంటారు. ఇందుకు మూల్యం ఒక అదనపు పోలిక, అనగా కొంత కాలవ్యయం. వేగమే ప్రధానమైనప్పుడు రిడండెన్సీని తగ్గించి ఫ్లాష్ కంపేరేటర్లను క్రమాంకనం చేస్తారు.

ఎస్‌ఏఆర్ భాగంలో ఒకే కంపేరేటరు ఉంటే దాని స్థిరమైన ఆఫ్‌సెట్, రిడండెన్సీ పరిధిలో ఉన్నంతవరకు, ఫలితాలన్నింటినీ సమానంగా జరుపుతుంది. దానిని చివరకు డిజిటల్‌గా తీసివేయవచ్చు. వేగం కోసం ఒక్కో బిట్టుకు ఒక్కో కంపేరేటరును వాడినప్పుడు మాత్రం వాటి ఆఫ్‌సెట్‌ల మధ్య తేడా వలన ఫలితం సరళరేఖ నుండి తప్పుతుంది. అక్కడ క్రమాంకనం చాలా ముఖ్యం.

విధానం

ఖాళీ త్రాసు ఒకవైపు మొగ్గితే రెండవ వైపు పాసంగం కట్టి ముల్లును సరిచేస్తారు. ఇక్కడ జరిగేదీ అదే.

1. కంపేరేటరు రెండు ఇన్‌పుట్‌లనూ ఒకే వోల్టేజికి కలుపుతారు.
2. దానిచేత పోలిక చేయించి ఫలితం 1 వచ్చిందో 0 వచ్చిందో చూస్తారు.
3. ఫలితానికి వ్యతిరేక దిశలో సవరణ సంఖ్యను మారుస్తారు. ఈ సంఖ్య కంపేరేటరు అవుట్‌పుట్ వద్దనున్న చిన్న కెపాసిటర్లనో, అదనపు ట్రాన్సిస్టరు జంటనో నియంత్రిస్తుంది.
4. 1, 0 ఇంచుమించు సమానంగా వచ్చే స్థితిలో ఆ సంఖ్యను రిజిస్టరులో భద్రపరుస్తారు.

సవరణ పరిధి 32 మిల్లీవోల్టులు, సవరణ సంఖ్య 6 బిట్లది అయితే ఒక్కో సవరణ మెట్టు 0.5 మిల్లీవోల్టు అవుతుంది. అంతకన్నా సూక్ష్మంగా సరిచేయడం ఆ అమరికతో సాధ్యం కాదు.

పరిమితులు

సమతుల స్థితికి దగ్గరలో విద్యుత్ రొద వలన ఒక్క పోలికను నమ్మలేము. కనుక పలుమార్లు పోల్చి అధిక సంఖ్యాక ఫలితాన్ని తీసుకుంటారు. రెండు ఇన్‌పుట్‌ల సగటు వోల్టేజి మారితే ఆఫ్‌సెట్ కూడా మారవచ్చు కాబట్టి, అసలు పనిలో ఉండే సగటు వోల్టేజి వద్దనే క్రమాంకనం జరపాలి. ఉష్ణోగ్రత, సరఫరా వోల్టేజి మారినప్పుడు మొదట చేసిన సవరణ చాలకపోవచ్చు. అటువంటి వలయాలలో రెండు మార్పిడుల నడుమ దొరికే విరామంలో, అసలు పని ఆగకుండా నేపథ్య క్రమాంకనం చేస్తారు.

ఇవి కూడా చూడండి

* ట్రాన్సిస్టరు
* కెపాసిటరు
* ద్విసంఖ్యామానం