ముక్కులో కొట్టే స్టెరాయిడ్, లోపల మొద్దుబారే గ్రంథి

తాండూరులో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్ల దుమ్ముకు సిమెంటు దుమ్ము తోడైతే తుమ్ములు, ముక్కుదిబ్బడ మామూలే. అలర్జీకి తాండూరులోనైనా వికారాబాద్‌లోనైనా డాక్టర్లు ముందుగా రాసేది స్టెరాయిడ్ స్ప్రేనే, అందులో తప్పేమీ లేదు. పాత చీటీతోనే ఏళ్ల తరబడి కొట్టుకోవడంతోనే చిక్కు. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవాలి. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ రక్తంలోకి చేరేది 2 శాతంలోపే. బెటామెథాసోన్ చుక్కలు మాత్రం బాగా ఇంకుతాయి. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే మెదడు ఆదేశాలివ్వడం తగ్గిస్తుంది, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిజాల్ అనే హార్మోన్ తయారీలో మొద్దుబారతాయి. ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైతే ముఖం ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, పిల్లల్లో ఎదుగుదల మందగిస్తుంది. ముక్కు స్టెరాయిడ్ల లేబుళ్లపై ఈ ఎదుగుదల హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లోనే చెప్పింది.

‘ఏళ్లుగా వాడుతున్నాం, ఏమైంది?’ అంటారు. కొత్తరకం స్ప్రేను చెప్పిన మోతాదులో వాడేవారి విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. కానీ అదే మనిషి ఆస్తమాకు ఇన్‌హేలర్ పీలుస్తూ, తామరకు షాపువాడిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తుంటే లెక్క మారుతుంది. శరీరానికి అందేది మొత్తం మోతాదు. హెచ్ఐవీకి వాడే రిటోనావిర్ ఫ్లూటికాసోన్‌ను కాలేయం విరగ్గొట్టకుండా అడ్డుకుంటుంది, అప్పుడు ఆ కొద్ది శాతమూ పేరుకుపోతుంది. అలాగని భయపడి ఒక్కసారిగా మానేయడం మరీ ప్రమాదం: మొద్దుబారిన గ్రంథి వెంటనే అందుకోదు, వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం ప్రాణం మీదికి తెస్తాయి. అలాంటి అనుమానముంటే డాక్టరు ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిజాల్ రక్తపరీక్ష చేయించి, మందు మెల్లగా తగ్గిస్తారు.